పండగల కమిటీలో పడి జర్మన్ మాట్లాడటం వచ్చింది: అమలాపురం నుంచి నా అనుభవం

నేను నర్సుని. బీఎస్సీ నర్సింగ్ చదివి, కాకినాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసి, జర్మనీ వెళ్దామని ఆ ఉద్యోగం మానేసి 2025 జూన్‌లో అమలాపురంలో ఒక జర్మన్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. మొన్న బీ1 (జర్మన్ భాషా పరీక్షల్లో ఏ1, ఏ2 తర్వాతి మెట్టు, దాని పైది బీ2) పాసయ్యానని స్టేటస్ పెట్టానో లేదో ఫోన్లే ఫోన్లు. మా పిన్ని ఆడపడుచు కూతురు, మా ఇంటి వెనక వీధి అమ్మాయి, నాకసలు తెలియని ఒకాయన తన చెల్లెలి కోసం. అందరివీ ఒకటే ప్రశ్నలు: ఎంతవుద్ది, ఎన్నాళ్లు పడుద్ది, గ్రామర్ బాగా కష్టమంట కదా అని. ఫీజు సంగతి ఏ ఇన్‌స్టిట్యూట్ వాళ్లనడిగినా చెప్తారు, గ్రామర్ ఎంత కష్టమో చేరిన వారంలో ఎవరికి వాళ్లకే తెలుస్తుంది. నన్ను ఎవరూ అడగనిది ఇంకొకటి ఉంది, మాట్లాడటం ఎలా వచ్చింది అని. అది క్లాసులో రాలేదండి. మేం చేసుకున్న పండగల్లో వచ్చింది, ఆ పండగల కోసం పడ్డ గొడవల్లో ఇంకా ఎక్కువ వచ్చింది.

కోనసీమలో విదేశాలకెళ్లడం కొత్తేం కాదు. మా వీధిలోనే కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లొచ్చినవాళ్లు బోలెడుమంది, వాళ్లందరూ అరబ్బీ అక్కడికెళ్లాక పనిలో పడి నేర్చుకున్నారు. మా మేనత్తకి చదవడం రాదు, కానీ పదేళ్లు కువైట్లో ఉండొచ్చి అరబ్బీ గడగడా మాట్లాడుద్ది. జర్మనీకి అలా కుదరదు. ముందు పరీక్ష, ఆ తర్వాతే విమానం. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే చాలాచోట్ల బీ2 అడుగుతారు. అంటే అరటిచెట్ల మధ్య కూర్చుని, చుట్టుపక్కల జర్మన్ ముక్క వినపడని చోట, వాళ్ల భాషలో రోగితో మాట్లాడేంత రావాలి.

మా బ్యాచ్‌లో పాతికమంది దాకా ఉండేవాళ్లం. ఎక్కువమంది నర్సులే, నలుగురైదుగురు డిప్లొమా చేసిన మగపిల్లలు. పేర్లకంటే ఊళ్లతోనే పిలుచుకునేవాళ్లం. రాజోలు, ముమ్మిడివరం, మలికిపురం, నేనేమో అంబాజీపేట. కొత్తపేట నుంచి వచ్చే ఆవిడకి పెళ్లయి ఒక బాబు ఉన్నాడు, ఆవిణ్ణి మాత్రం అందరం అక్కా అనేవాళ్లం. ఇన్‌స్టిట్యూట్ నడిపే మేడమ్ గారిది పాలకొల్లు, జర్మనీలో కొన్నేళ్లు ఉండొచ్చారు. రెండో మాస్టారిది కేరళ, త్రిస్సూర్ దగ్గర ఊరు. ఆయనకి తెలుగు రాదు, మాకు మలయాళం రాదు, ఇంగ్లీషు ఇద్దరికీ వచ్చు కానీ ఆయన వచ్చినా రానట్టే ఉండేవారు. మా అదృష్టమల్లా అదే అని ఇప్పుడనిపిస్తుంది. అప్పట్లో మాత్రం బాత్రూం తాళం ఎక్కడుందో అడగాలన్నా ఇంత యాతనేంటని ఏడుపొచ్చేది.

ఏ1 గడిచిపోయింది. పేరు చెప్పడం, స్పెల్లింగ్ చెప్పడం, కార్డు చూసి ఒక ప్రశ్న అడగడం, ఏదైనా కావాలని మర్యాదగా అడగడం, అంతే కదా. అందరం బట్టీ పట్టేశాం. నర్సింగ్‌లో అనాటమీ బట్టీ పట్టినవాళ్లకి అదో లెక్కా? కానీ మాస్టారు పుస్తకంలో లేని ప్రశ్న ఒకటి వేస్తే క్లాసంతా బల్లల కింద ఏదో పడిపోయినట్టు తలలు దించేసుకునేది.

మొదటి పండగ మేం అనుకుని చేసింది కాదు. సెప్టెంబర్ 5 టీచర్స్ డే కదా, కేకు కోద్దామని డబ్బులు పోగేశాం. 2025లో సరిగ్గా అదే రోజు తిరువోణం, అంటే కేరళవాళ్ల ఓణం పండగలో ముఖ్యమైన రోజు, పడింది. మాస్టారు సెలవు పెట్టి ఊరెళ్లే వీల్లేక ఇక్కడే ఉండిపోయారని మేడమ్ గారు చెప్పారు. అయ్యో పాపం, పండగపూట ఒక్కరూ ఉండటమేంటని రాజోలు కుర్రాడు లేచి, కేకొద్దు, ఓణం చేద్దాం అన్నాడు. ఓణం అంటే ఏంటో మాలో ఎవరికీ సరిగ్గా తెలీదు, పూలముగ్గు వేస్తారని ఫోన్లో చూశాం, అంతే. కడియపులంక మార్కెట్ నుంచి బంతిపూలు తెప్పించాం. ఆకులు రావులపాలెం అరటి మార్కెట్టు వైపు నుంచి వచ్చేవాళ్లు తెచ్చారు. కొబ్బరికాయలు నా బాధ్యత, అంబాజీపేట వాళ్లం కొబ్బరికాయ కొనుక్కుంటే నవ్వుతారు కాబట్టి మా చేలోవే గోనెసంచిలో వేసి బస్సెక్కించాను.

వంట మాస్టారు చేస్తానన్నారు. అక్కడ మొదలైంది అసలు సంగతి. ఆయనకి ఏం కావాలో జర్మన్‌లో చెప్తారు, మేం అర్థం చేసుకుని బజారుకెళ్లాలి. కంద, మునక్కాడలు, పచ్చి అరటికాయలు, పెరుగు. పొట్లకాయ అని ఆయన ఎలా చెప్పాలో తెలియక చేతులతో చూపిస్తే ముమ్మిడివరం అమ్మాయి పాము అనుకుని దడుచుకుంది. అవియల్ అని కూరగాయలన్నీ కలిపి చేసే కేరళ కూర చేశారు. బ్రహ్మాండంగా ఉందని చెప్పాలని ఉంది కానీ నిజం చెప్పాలంటే సగంమంది తినలేకపోయాం, కారణం కొబ్బరినూనె. కొబ్బరి పండించేది మేమే అయినా మా ఇళ్లల్లో ఆ నూనె తలకి రాసుకోవడానికే. కూరలో ఆ వాసన రాగానే జడేసుకుంటున్నట్టు ఉంది. ఆ మాట ఆయనతో చెప్పాలి, ఆయన నొచ్చుకోకూడదు, పైగా జర్మన్‌లో చెప్పాలి. కొత్తపేట అక్క ఎలాగో కూడబలుక్కుని చెప్పింది: మీ కూర బాగుంది, కానీ మేం ఈ నూనె జుట్టుకి వాడతాం అని. మాస్టారు పగలబడి నవ్వారు. ఆ రోజు మధ్యాహ్నం ఆయన మావేలిరాజు కథ చెప్పారు, మేం బలిచక్రవర్తి అంటే మాకూ తెలుసు, వామనుడు మూడడుగులు అడిగాడు కదా అని మధ్యలో అందుకున్నాం. ఒక్కొక్కరం ఒక్కో ముక్క చెప్పి కథ పూర్తి చేశాం. చేరిన దగ్గర్నుంచి క్లాసులో అంతసేపు ఎవరం నోరు తెరవలేదు.

మేడమ్ గారు అది చూశారు. మర్నాడే పండగల కమిటీ అని ఒకటి వేశారు. కమిటీకి వాట్సాప్ గ్రూపు పెట్టి, అందులో జర్మన్ తప్ప ఇంకేం రాయకూడదన్నారు. తెలుగులో రాస్తే పది రూపాయలు జరిమానా, ఇంగ్లీషులో రాసినా పదే, తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఇరవై. ఆ జరిమానా డబ్బుతోనే తర్వాతి పండగ. మలికిపురం అమ్మాయి వాళ్లకి కిరాణా కొట్టుంది, లెక్కలన్నీ దాని చేతికే. ఎవరెంత బాకీయో ప్రతి ఆదివారం జర్మన్ అంకెల్లో వాయిస్ మెసేజ్ పెట్టేది. జర్మన్‌లో ఇరవై ఒకటి అనాలంటే ఒకటి ముందు చెప్పి ఇరవై తర్వాత చెప్తారు, ఫోన్ నంబర్లు రాసుకునేటప్పుడు ప్రాణం పోతుంది. అలాంటిది దాని బాకీల మెసేజ్‌లు వినీ వినీ అంకెలు అందరికీ నోటికొచ్చేశాయి, ఎంతైనా డబ్బుల విషయం కదండీ.

పుట్టినరోజుల దగ్గర కూడా ఒక చిక్కొచ్చింది. మనవాళ్లకి రాత్రి పన్నెండు కాకముందే, ఒక్కోసారి ముందురోజు సాయంత్రమే శుభాకాంక్షలు చెప్పేయడం అలవాటు. జర్మనీలో ముందుగా చెప్తే అరిష్టమంటారు. మేడమ్ గారికి ఎవరో ముందురోజు చెప్పబోతే చేయి అడ్డం పెట్టేశారు. ఇంకోటేంటంటే అక్కడ పుట్టినరోజు ఎవరిదైతే వాళ్లే కేకు తెచ్చి తోటివాళ్లకి పెట్టాలి, పనిచేసే చోట్ల కూడా అంతేనట. ఇది మాకు నచ్చింది, చందాల గొడవ తప్పింది. కేకే తేవాలని లేదు కాబట్టి ఒకరు తాపేశ్వరం కాజాలు తెస్తే ఇంకొకరు ఆత్రేయపురం పూతరేకులు తెచ్చేవాళ్లు. అయితే తినాలంటే అది ఎలా చేస్తారో జర్మన్‌లో చెప్పాలి. పూతరేకులు చెప్పబోయి నలుగురు ఓడిపోయారు. కుండ బోర్లించి కింద మంట పెట్టి, గుడ్డని బియ్యప్పిండి నీళ్లలో ముంచి పైన ఒక్క తడవ లాగాలి అని చేత్తో చూపించడం తేలిక, చెప్పడం చాలా కష్టం. చివరికి బీ1 రాసే టైముకి అది మా బ్యాచ్‌లో ప్రతి ఒక్కరికీ నిద్రలో లేపి అడిగినా వచ్చేది.

అక్టోబర్‌లో అట్లతద్ది. హాస్టల్లో ఉండే ఆడపిల్లలం తెల్లారకముందే లేచి చద్దన్నం తిని, వెనకున్న మామిడిచెట్టుకి కట్టిన ఉయ్యాల ఊగి, సాయంత్రం చంద్రుణ్ణి చూసి అట్లు పంచుకున్నాం. మాస్టారు మగపిల్లలకేం లేదా అని అడిగారు. రాజోలు కుర్రాడు ఉంది సార్, తినడం అన్నాడు, సుబ్బరంగా జర్మన్‌లో.

ఆ నెలాఖర్లోనే మొంథా తుఫాను. 28వ తేదీ రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటింది. క్లాసులు ఆగిపోయాయి, కరెంటు లేదు, చెట్లు విరిగి రోడ్ల మీద పడ్డాయి. కమిటీ గ్రూపులో ఆ రెండు రోజులూ అందరూ తెలుగులోనే రాశారు. మా ఇంటి మీద కొబ్బరిచెట్టు పడబోయి పశువుల పాక మీద పడింది, ఆవు బాగానే ఉంది. మలికిపురం వాళ్ల ఊళ్లో వరి మొత్తం పడుకుండిపోయింది. మలికిపురం అమ్మాయి ఎవరికీ జరిమానా వేయలేదు. మళ్లీ క్లాసులు మొదలైన రోజు మాస్టారు పుస్తకం తీయలేదు, ఒక్కొక్కర్నీ మీ ఇంట్లో ఏమైంది అని మాత్రం అడిగారు. భూతకాలం వాక్యాలు నాకు ఆ రోజు కుదిరినంత బాగా ఎప్పుడూ కుదరలేదు.

నవంబర్ 11న జర్మనీలో సెయింట్ మార్టిన్ పండగ. చలిలో వణికే బిచ్చగాడికి తన అంగీ సగం కోసి ఇచ్చిన సైనికుడి కథ అది, పిల్లలు కాగితం లాంతర్లు పట్టుకుని సాయంత్రం వీధుల్లో తిరుగుతారు. మాకు అప్పుడు కార్తీకమాసం నడుస్తోంది, ఎటు చూసినా దీపాలే కాబట్టి ఇది ఎవరికీ పరాయిగా అనిపించలేదు. రంగు కాగితాలు, వెదురుపుల్లలతో లాంతర్లు చేసి కాలవగట్టు మీద బయల్దేరాం. గాలికి కొవ్వొత్తులు ఆరిపోతుంటే సెల్‌ఫోన్ లైట్లు లోపల పెట్టేశాం. టీకొట్టు దగ్గర ఒకాయన, ఏ పార్టీ ర్యాలీ అమ్మా ఇది, అని అడిగితే ముమ్మిడివరం అమ్మాయి, జర్మనీ పార్టీ అండి బాబాయ్‌గారూ అంది. ఆ వచ్చే ఆదివారం వనభోజనాలకి మా చేలో ఉసిరిచెట్టు కింద అందరం కలిశాం. అక్కడ మా అమ్మ మాస్టారికి దగ్గరుండి పనసపొట్టు కూర, పులిహోర కొసరి కొసరి వడ్డించింది. ఇద్దరికీ కలిసిన భాష ఒక్కటీ లేదు, అయినా అరగంట మాట్లాడుకున్నారు.

ఇక డిసెంబర్. నేను ఎవరికి చెప్పినా మొదట చెప్పేది చెప్పుల గొడవే.

డిసెంబర్ 5 రాత్రి జర్మనీలో పిల్లలు బూట్లు శుభ్రంగా తుడిచి తలుపు బయట పెడతారు, తెల్లారేసరికి సెయింట్ నికోలాస్ వాటిలో పప్పులు, నారింజపళ్లు, చాక్లెట్లు పెట్టి వెళ్తాడని. మేడమ్ గారు దీని గురించి చెప్పి, మన క్లాసు బయట ఎలాగూ చెప్పులు వరసగా ఉంటాయి కదా, శనివారం పొద్దున్న చూసుకోండి అని నవ్వారు. క్లాసులో సగంమంది చప్పట్లు కొట్టారు. మిగతా సగం మొహాలు చిట్లించారు. మలికిపురం అమ్మాయి లేచి, తినే వస్తువు చెప్పుల్లో పెట్టడమేంటి మేడమ్ అని తెలుగులోనే అడిగేసింది. నిజమే కదా, అన్నం పరబ్రహ్మ స్వరూపం అని పెరిగాం, పొరపాటున కాలు తగిలితే కళ్లకద్దుకుంటాం. మేడమ్ గారు కాదనలేదు, ఔననలేదు. జర్మన్‌లో మాట్లాడండి, ఎటు తేలితే అటు చేద్దాం అని కుర్చీలో కూర్చున్నారు.

అప్పుడు చూడాలి మా క్లాసుని. ఒకళ్లు బూట్లు కడిగి పెడతారు కాబట్టి పర్లేదన్నారు. కడిగినా చెప్పు చెప్పే అని ఇంకొకళ్లు. మన చెప్పులు జర్మన్ బూట్లలా మూసి ఉండవు, తెరిచి ఉంటాయి, చీమలు పడతాయి అని రాజోలు కుర్రాడు. వాళ్ల పండగ వాళ్లలా చేస్తేనే తెలుస్తుందని ఒక వాదన. మనం రేపు వాళ్ల ఇళ్లల్లో ఉండబోతున్నాం, వాళ్లు అలా పెడితే వద్దంటామా అని ఇంకో వాదన. వద్దంటే వాళ్లు నొచ్చుకోరు, కారణం చెప్తే చాలు అని కొత్తపేట అక్క. కారణం చెప్పాలంటే జర్మన్‌లో 'ఎందుకంటే' అని మొదలుపెట్టాక క్రియని తీసుకెళ్లి వాక్యం చివర పెట్టాలి, ఇంగ్లీషు అలవాటైన బుర్రకి అది ఎక్కదు. కోపంలో ఉన్నప్పుడు మాత్రం మేం తెలుగులో ఆలోచిస్తాం కాబట్టి క్రియ తనంతట తనే చివరికి పోయింది. మాస్టారు అది గమనించి బోర్డు మీద ఒక్కొక్క వాక్యం రాసుకుంటూ పోయారు, మేం గమనించలేదు, మా గొడవలో మేమున్నాం. గంట పైనే సాగింది. చివరికి తేలిందేంటంటే చెప్పులు కాదు, నర్సుల తెల్ల డ్యూటీ బూట్లు కొత్తవి ఒక జత కొని, వాటిలో కాగితం పొట్లాలు పెట్టి, ఆ ఒక్క జతనే గుమ్మంలో పెట్టాలి. వేరుశనగ ఉండలు, కమలాపళ్లు పెట్టాం. తర్వాత ఆ బూట్లు లాటరీ తీస్తే కొత్తపేట అక్కకి వచ్చాయి, సైజు సరిపోలేదు, ఆడపడుచుకి ఇచ్చేసింది.

క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలకి నాలుగు కొవ్వొత్తులు వెలిగించే అడ్వెంట్ చక్రం ఫర్ అనే చలిదేశపు చెట్టు కొమ్మలతో చేస్తారు. మాకు ఫర్ ఎక్కడిది, ఓడలరేవు వైపు నుంచి సరుగుడు రెమ్మలు తెచ్చి గుండ్రంగా చుట్టాం. నిజానికి క్రిస్మస్ మా బ్యాచ్‌లో చాలామందికి సొంత పండగే. ఈ డెల్టాలో చర్చి లేని ఊళ్లు తక్కువ. 1840లలోనే జర్మనీ నుంచి లూథరన్ మిషనరీలు రాజమండ్రి దాకా వచ్చారని మేడమ్ గారు చెప్తే, మా ముత్తాతల నాడే వాళ్లొచ్చి తెలుగు నేర్చుకున్నారా, ఇప్పుడు మనం తిరుగు బాకీ తీరుస్తున్నామా అని ముమ్మిడివరం అమ్మాయి అంది. దాని ఇంట్లోనే సెమీ క్రిస్మస్ చేసుకున్నాం. బిస్కెట్లు కాల్చడానికి ఓవెన్ లేదు, తెలిసిన బేకరీ ఆయన్ని బతిమాలితే మధ్యాహ్నం బట్టీ ఖాళీగా ఉన్నప్పుడు రమ్మన్నాడు. దాల్చినచెక్క, లవంగం, అల్లం వేసి చేశాం, గట్టిగా వచ్చాయి, టీలో ముంచితే బాగున్నాయి.

ఒక అమ్మాయి వాళ్ల నాన్నగారు మాత్రం వచ్చి మేడమ్ గారి దగ్గర కూర్చున్నారు. పిల్లని చదువుకి పంపామా, పండగలకి పంపామా అని. ఆయన బాధ నాకర్థమైంది, అప్పు చేసి ఫీజు కట్టారు. మేడమ్ గారు వాదించలేదు. వాళ్ల అమ్మాయిని పిలిచి, ఈ ఆదివారం ఏం చేశారో సార్‌కి చెప్పు అన్నారు. ఆ అమ్మాయి ఆగకుండా ఐదు నిమిషాలు మాట్లాడింది. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ అలా విన్నంతసేపూ విని, సర్లెండి, రాత్రిపూట మాత్రం వద్దు అని వెళ్లిపోయారు. ఆ షరతు న్యాయమైనదే, అప్పట్నుంచి ఏదైనా ఆరింటికల్లా ముగించేవాళ్లం.

సంక్రాంతికి క్లాసులు లేవు. అయినా కనుమ నాడు జగ్గన్నతోటకి అందర్నీ మా ఇంటి మీదుగా తీసుకెళ్లాను. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, అక్కడ గుడి ఉండదు, కొబ్బరితోట, అంతే. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు మంది రుద్రులు ప్రభల మీద వస్తారు. వెదురుతో కట్టి, రంగురంగుల గుడ్డలు, కొత్త వరికంకులు, నెమలీకలతో అలంకరించిన ప్రభల్ని భుజాల మీద మోస్తూ అశ్శరభ శరభ అని అరుస్తూ పంటచేల మీదుగా నడుస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ఊళ్ల ప్రభలు ఎగువ కౌశిక అనే కాలవలో నీళ్లలోంచే దాటుతాయి, అది చూడ్డానికే జనం. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్రం శకటం కూడా ఈ ప్రభల తీర్థమే.

ఆ జనంలో నిలబడి మాస్టారికి ఇదంతా జర్మన్‌లో చెప్పాలి. ఆయన అడిగినవి పుస్తకం ప్రశ్నలు కావు. మోసేవాళ్లని ఎవరు ఎంచుతారు? నీళ్లలో జారితే ఏమవుతుంది? కిందున్న పైరు తొక్కేస్తే రైతు ఊరుకుంటాడా? చివరిది మా నాన్న చెప్పిన జవాబు, నేను జర్మన్ చేశాను: దేవుడు నడిచిన చేను పండుతుందని రైతులే దారి ఇస్తారు. ఇంతలో కిందటి బ్యాచ్ అక్క జర్మనీ నుంచి వీడియో కాల్ చేసింది. అప్పుడే వృద్ధాశ్రమంలో డ్యూటీ దిగిందట. ప్రభ చూపిస్తే చూసి, జీళ్లు కొన్నారా అని అడిగింది. తన పక్కన తోటి జర్మన్ నర్సు ఉంటే ఫోన్ ఆవిడకిచ్చింది. ఆవిడ మాట వేగంగా, మాస్టారి మాటలా కాకుండా సగం అక్షరాలు మింగేస్తూ ఉంది. డప్పుల మధ్య ఒక్క ముక్కా అందలేదు. మళ్లీ చెప్పండి, నెమ్మదిగా చెప్పండి అని రెండుసార్లు అడిగాక ఆవిడ అడిగింది అర్థమైంది, ఇంత బరువు మోస్తే నడుము పట్టదా అని. నర్సు కదా, ఎక్కడికెళ్లినా నడుము గురించే. అప్పుడు ఇద్దరం నడుముల గురించి, రోగుల్ని లేపడం గురించి మాట్లాడుకున్నాం.

పరీక్షకి హైదరాబాద్ వెళ్లాను. బీ1లో నాలుగు భాగాలు: చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం. ఒక్కోదానికి వంద మార్కులు, అరవై వస్తే పాస్, ఏదైనా పోతే అదొక్కటే మళ్లీ రాసుకోవచ్చు. అందరికీ టెన్షన్ మాట్లాడటం గురించే. ఇద్దర్ని జోడీగా కూర్చోబెడతారు, పావుగంట సన్నాహానికి ఇచ్చి, పావుగంట మాట్లాడిస్తారు. అందులో మొదటిది ఇద్దరూ కలిసి ఏదో ఒకటి ప్లాన్ చేయడం, ఒక ఫ్రెండ్‌కి వీడ్కోలు విందు లాంటిదన్నమాట. ఎప్పుడు, ఎక్కడ, ఎవరేం తేవాలి, డబ్బులెవరివి అని. రెండోది ఒక విషయం మీద సొంత అనుభవం, మీ దేశంలో ఎలా ఉంటుంది, మంచీచెడూ చెప్పి ముగించడం. మూడోది ఎదుటివాళ్లు చెప్పినదాని మీద ప్రశ్న వేయడం. నాకు జోడీగా వచ్చిన అమ్మాయిది వరంగల్. చాలా బాగా చదువుకొచ్చింది, కానీ నేను ఆ రోజు నాకు కుదరదు, నైట్ డ్యూటీ అనేసరికి ఆగిపోయింది. అలా ఎదురు చెప్తారని అనుకోలేదట, బయటికొచ్చాక చెప్పింది. మా కమిటీలో ఎదురు చెప్పనివాళ్లే లేరు. పాపం ఆ అమ్మాయి కంగారుపడుతుంటే, పోనీ ఆదివారం పెట్టుకుందాం, నువ్వు కేకు తే, నేను కాజాలు తెస్తాను అన్నాను. కాజా అంటే ఏంటని పరీక్షకురాలు నవ్వుతూ అడిగారు. చెప్పాను.

మా బ్యాచ్‌లో అందరికీ రాలేదు. ముగ్గురికి వినడం పోయింది, ఒకరికి రాయడం. పండగలు రాయడానికి అక్కరకి రావు, ఆ సంగతి కూడా చెప్పాలి. ఉత్తరాలు, మెయిళ్లు కూర్చుని రాసి దిద్దించుకోవాల్సిందే, దానికి దగ్గరదారి లేదు. ఫలితాలు వచ్చిన వారం గ్రూపు మూగబోయింది, పాసైనవాళ్లు సంతోషం రాయలేరు, పోయినవాళ్లు ఏమీ రాయలేరు. మలికిపురం అమ్మాయే, తనకీ వినడం పోయింది, పాసైనవాళ్లు తలా వంద కట్టాలి, ఈస్టర్ ఖర్చుంది అని వాయిస్ మెసేజ్ పెట్టి ఆ మౌనం వదిలించింది.

ఆ ఈస్టర్ ఏప్రిల్ 5న. జర్మనీలో గుడ్లకి రంగులేసి దాచి పిల్లలతో వెతికిస్తారు. ఉడకబెట్టిన గుడ్లకి పసుపు, బీట్‌రూట్ రసం పట్టించి ఇన్‌స్టిట్యూట్ అంతా దాచాం. ఎక్కడెక్కడ దాచారో ముందు కాగితం మీద రాసుకోమని మేడమ్ గారు చెప్పారు, రాజోలు కుర్రాడు మాకు గుర్తుంటుంది మేడమ్ అన్నాడు. ఒకటి దొరకలేదు. అసలే ఏప్రిల్ ఎండలు. మూడో రోజుకి వాసన మొదలైంది, నాలుగో రోజుకి కింద మొబైల్ షాపు ఆయన పైకొచ్చాడు, ఐదో రోజు పాత ఏసీ వెనక దొరికింది. బీ2లో మొదటి చర్చాంశం మాస్టారు అదే ఇచ్చారు, ఇన్‌స్టిట్యూట్‌లో నిజం గుడ్లు ఉండాలా, చాక్లెట్ గుడ్లు చాలా అని. చాక్లెట్ గెలిచింది, రాజోలు ఒక్కడే ఓటేయలేదు.